పద్మానది – వంగ కథానిక

మన ఆలంకారికులు కావ్యంలో ప్రకృతికి ఒక స్థానాన్ని నిర్ణయించి ఉంచినారు. రసనిష్పత్తికి నాయికానాయకులు ఆలంబన విభావమైతే, వెన్నెల, మలయమారుతం, కోకిల కూజితం మొదలైనవి ఉద్దీపన విభావం. మహాకావ్యంలో నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, సూర్యచంద్రోదయాలు వర్ణింపబడవలెనని దండి చెప్పినాడు. తెలుగు ప్రబంధకవులు అష్టాదశ వర్ణనల పేర ఆ విధిని శ్రద్ధతో పాటించినారు. ఈ ఏర్పాటులో గొప్ప కవిత్వం పుట్టలేదని ఎవరూ అనలేరు. మేఘసందేశాన్ని చదివినవాడు ఆ మాట అనడానికి సాహసించడు. అయినా దీనిలో ఒక సౌకర్యం ఉన్నది. సముద్రాన్ని ఎన్నడూ చూడని కవి కూడా సముద్రవర్ణన చేయవచ్చు. పూర్వకవులు కూర్చిన పదసంపద అతనికి అందుబాటులో ఉంటుంది. అందువలన ఫలానా నది, ఫలానా సంవత్సరంలో, ఫలానా కవికి ఏమి ఇచ్చినదనే ప్రశ్న మన ప్రాచీన సాహిత్య విమర్శలో ఎక్కువగా వినిపించదు.

ఆ ప్రశ్నకు చరిత్రలో స్పష్టమైన సమాధానం దొరికే ఘట్టం ఒకటి వంగసాహిత్యంలో ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి పదేళ్ళలో పద్మానది మీద ఒక ఇంటిపడవలో రవీంద్రనాథ ఠాకూరు గడిపిన కాలం అది. ఆ కాలంలోనే వంగభాషలో కథానిక ఒక సాహిత్యరూపంగా స్థిరపడినది. నది ఆ కథలకు వస్తువునే కాక రూపాన్ని కూడా ఇచ్చినదని నిరూపించడం ఈ వ్యాసానికి ఉద్దేశం. పడవ కిటికీలో నుండి కనిపించనిది ఏమిటో, దానిని తరువాతివారు ఎట్లా చూపినారో కూడా చెప్పుకొనక తప్పదు.

గంగానది వంగదేశపు తూర్పుభాగంలో ప్రవేశించిన తరువాత దాని ప్రధానప్రవాహానికి పద్మ అని పేరు. అది గోయాలందో వద్ద యమున అనే పేరుతో దిగివచ్చే బ్రహ్మపుత్రను కలుపుకొని, చాంద్‌పూర్ వద్ద మేఘనలో చేరుతుంది. ఒడ్డును కోయడం, కొత్త లంకలు వేయడం, ఉన్న లంకలను మింగడం ఈ నదికి నిత్యకృత్యం. రాజుల మేడలను, దేవాలయాలను పొట్టబెట్టుకొన్నందున దీనిలో ఒక భాగానికి కీర్తినాశ అనే పేరు కూడా వచ్చినది. గోదావరి వరదలను, లంక గ్రామాలను ఎరిగిన తెలుగువారికి ఈ నది స్వభావం కొత్తది కాదు. లంకను వంగభాషలో చర్ అంటారు.

ఠాకూరు కుటుంబానికి ఈ ప్రాంతంలో మూడు జమీందారీ కేంద్రాలు ఉండేవి. పద్మ ఒడ్డున శిలాయిదహ, పాబ్నా జిల్లాలో షాజాద్‌పూర్, రాజ్‌షాహీ జిల్లాలో నాగర్ అనే చిన్న నది మీద పతిసర్. 1889 తరువాత తండ్రి దేవేంద్రనాథుని ఆజ్ఞ మేరకు ఈ జమీందారీ పనులు రవీంద్రుని మీద పడినవి. అప్పటికి ఆయనకు ఇరవైయెనిమిది సంవత్సరాలు. కలకత్తాలో జొరాసాంకో భవనంలో పుట్టి, నౌకర్ల కాపలాలో పెరిగిన మనిషి. కవిగా పేరు వచ్చినది కాని పల్లె అంటే ఏమిటో లోతుగా తెలియదు. శిస్తు లెక్కలు చూడడానికి, రైతుల తగవులు వినడానికి ఒక కచేరీ నుండి మరొక కచేరీకి వెళ్ళవలసి వచ్చేది. ఆ ప్రాంతంలో దారులన్నీ నీటి మీదనే. పద్మ అని నది పేరే పెట్టుకొన్న కుటుంబపు పడవ ఆయనకు ఇల్లు, కచేరీ, చదువుకొనే గది అయినది. ప్రకృతిని వెదకుకొంటూ ఆయన అక్కడికి పోలేదనే విషయం మనం గుర్తుంచుకోవాలి. పని మీద పోయినాడు. పని మీద పోయినవానికి నది ఎండలోను, ముసురులోను, విసుగులోను కూడా కనిపిస్తుంది.

ఈ సంవత్సరాలకు మనకు గొప్ప సాక్ష్యం ఉన్నది. అన్న సత్యేంద్రనాథుని కుమార్తె ఇందిరాదేవికి రవీంద్రుడు 1887 నుండి 1895 వరకు వ్రాసిన లేఖలు అవి. అచ్చుకోసం వ్రాసినవి కావు. ఇందిరాదేవి వాటిలో సాహిత్యవిలువ ఉన్న భాగాలను నోటుపుస్తకాలలో ఎత్తి వ్రాసి బాబాయికి కానుకగా ఇచ్చినది. వాటిని సంస్కరించి ఆయన 1912లో ఛిన్నపత్ర అనే పేరుతో ప్రకటించినాడు. మరింత పూర్తి పాఠం 1960లో ఛిన్నపత్రావళిగా వెలువడినది. ఒక రచయిత మనసులోనికి ఒక దృశ్యం ఏనాడు ప్రవేశించినదో, అది కథగా మారి ఏనాడు బయటికి వచ్చినదో తేదీలతో సహా చూడగలిగే అవకాశం భారతీయ సాహిత్యంలో అరుదు. ఆ అవకాశాన్ని ఈ లేఖలు మనకు ఇస్తున్నవి.

కొన్ని ఉదాహరణలు చూద్దాం. 1891 జూన్‌లో షాజాద్‌పూర్ నుండి వ్రాసిన ఒక లేఖలో, ఒడ్డున పడి ఉన్న ఓడకొయ్యను పల్లెపిల్లలు దొర్లించి ఆడుకోవడం, ఒక చిన్నపిల్ల వచ్చి దాని మీద కూర్చొని ఆటను ఆపివేయడం ఉన్నది. మరుసటి సంవత్సరం వెలువడిన ఛుటీ అనే కథ ఆ ఆటతోనే మొదలవుతుంది. అదే సంవత్సరం జూలైలో వ్రాసిన మరొక లేఖలో, కురచగా కత్తిరించిన జుట్టుతో, మగపిల్లవానివలె జంకు లేకుండా నిలబడిన ఒక అమ్మాయిని పడవ ఎక్కించి అత్తవారింటికి పంపే దృశ్యం ఉన్నది. ఆ పిల్ల సమాప్తి కథలో మృణ్మయిగా మారినది. షాజాద్‌పూర్‌లో జమీందారీ బంగళా కింది అంతస్తులోనే తపాలా కచేరీ ఉండేది. అక్కడి పోస్టుమాస్టరు సాయంకాలాలలో వచ్చి కబుర్లు చెప్పేవాడు. పోస్టుమాస్టరు కథ 1891లో హితవాది వారపత్రికలో వెలువడినది. ఆ మనిషి దానిని చదివి సిగ్గుపడినాడని 1892లో ఒక లేఖలో రవీంద్రుడు వ్రాసినాడు.

ఇక రూపాన్ని గురించి ఆలోచిద్దాం. పడవ ఒక రేవులో ఆగుతుంది. ఒడ్డున స్త్రీలు నీళ్ళకు వస్తారు, పిల్లలు దూకుతారు, ఎవరో ఎవరినో సాగనంపి ఏడుస్తారు. గంట తరువాతనో మరునాడో పడవ కదులుతుంది. ఆ అమ్మాయి అత్తవారింట ఏమైనదో పడవలోనివానికి తెలియదు. తెలుసుకొనే మార్గమూ లేదు. ఒక జీవితంలో ఒక ముక్క మాత్రం వెలుగులో కనిపించి మరుగైపోతుంది. నవలాకారునికి ఇది చాలదు. బంకించంద్రుని నవలలకు వంశచరిత్రలు, యుద్ధాలు, సుదీర్ఘమైన కథాసూత్రాలు కావలసి వచ్చినవి. పడవ ప్రయాణం ఇచ్చినది ఒక క్షణపు పరిచయం, దాని వెంట ఒక వియోగం. చిన్న సుఖదుఃఖాలను తీసుకొని, అన్నీ తేల్చి చెప్పకుండా, చదివినవాని మనసులో కొంత వెలితిని మిగిల్చే కథలు వ్రాయాలనే కోరికను రవీంద్రుడు 1892లో వర్షాయాపన్ అనే కవితలో వెల్లడించినాడు. విమర్శకులు దీనిని కథానికకు లక్షణవాక్యంగా చెప్పుకొంటారు. అది నదీప్రయాణికుని చూపులో నుండి పుట్టిన లక్షణం.

పోస్టుమాస్టరు కథాంతం దీనికి తార్కాణం. కలకత్తా నుండి ఉలాపూర్ అనే కుగ్రామానికి వచ్చిన యువకునికి రతన్ అనే అనాథబాలిక ఇంటిపని చేస్తూ ఉంటుంది. వర్షాకాలంలో అతడు జ్వరపడితే ఆ పిల్ల తల్లివలె సేవ చేస్తుంది. అతడు ఉద్యోగం వదలి వెళ్ళిపోతాడు. పడవ సాగినాక వెనుకకు పోయి ఆ అనాథను తీసుకొనిరావాలని అతనికి ఒక్కసారి అనిపిస్తుంది. కాని అప్పటికే తెరచాప గాలి పోసుకొన్నది, వానాకాలపు ప్రవాహం వేగంగా ఉన్నది, ఊరు దాటిపోయినది. నిర్ణయం సగం మనిషిది, సగం నదిది. ఇక్కడ నదిని తొలగిస్తే కథ నిలువదు. ఉద్దీపన విభావమనే పాత పేరు ఈ నదికి సరిపోదు. అది కథలో ఒక పాత్రగా నిలిచినది.

ఆ పాత్ర ఎల్లప్పుడూ దయ గలది కూడా కాదు. ఖోకాబాబుర్ ప్రత్యావర్తన్ అనే కథలో రాయిచరణ్ అనే నౌకరు యజమాని బిడ్డను తోపుడుబండిలో కూర్చోబెట్టి పద్మ ఒడ్డుకు తీసుకొనిపోతాడు. బిడ్డ అడిగిన కడిమిపూలను కోసుకొని తిరిగి వచ్చేసరికి బండి ఖాళీగా ఉంటుంది. నది మాత్రం ఏమీ ఎరుగనట్లు పరుగెత్తుతూ ఉంటుంది. ఛుటీలో పట్నంలోని మేనమామ ఇంట ఊపిరాడని ఫటిక్ అనే బాలుడు జ్వరసంధిలో, తాను ఓడలో వచ్చేటప్పుడు విన్న ఖలాసీల కేకలను, నీటిలోతును బారలతో కొలిచే ఆ కేకలను పలవరిస్తాడు. అంతులేని లోతులో దిగుతున్న బాలునికి నది భాషే చివరి భాష అయినది. సుభ అనే కథలోని మూగపిల్లకు ఊరి ఏటిచప్పుడు, పక్షుల కూతలు, చెట్ల మర్మరధ్వనులే మాటల లోటు తీరుస్తవి. పెండ్లి చేయడానికి ఆమెను కలకత్తాకు తరలించినప్పుడు ఆమెకు పోయినది పుట్టిల్లు మాత్రమే కాదు, భాష కూడా పోయినది.

1891 నుండి 1895 వరకు ఈ విధంగా దాదాపు నలభై కథలు వెలువడినవి. మొదటివి హితవాదిలోను, తక్కినవాటిలో చాలా భాగం ఠాకూరు కుటుంబమే నడిపిన సాధన పత్రికలోను అచ్చయినవి. మాసపత్రికకు నెలనెలా కథ పంపవలసి ఉండడం కూడా ఈ సమృద్ధికి ఒక కారణం. నది ప్రేరణ ఇచ్చినది, పత్రిక గడువు పెట్టినది. సాహిత్యచరిత్రకారుడు ఈ రెంటిలో ఏ ఒక్కదానిని విడిచినా కథ అసంపూర్ణమవుతుంది.

కవిత్వంలో ఈ ప్రేరణ మరొక విధంగా పనిచేసినది. 1894లో వెలువడిన సోనార్ తరీ సంపుటానికి పేరునిచ్చిన కవితను రవీంద్రుడు శిలాయిదహలో పడవ మీదనే వ్రాసినాడు. ఉరిమే మేఘాలు, నిండిన నది, కోసిన వరిపంటతో ఒంటరిగా ఒడ్డున నిలిచిన రైతు, పంటనంతా ఎక్కించుకొని రైతును మాత్రం విడిచిపోయే పడవ, ఇవి ఆ కవితలోని విషయాలు. దాని తాత్పర్యాన్ని గురించి వంగదేశంలో చాలాకాలం వాదోపవాదాలు సాగినవి. అస్పష్టమని ద్విజేంద్రలాల్ రాయ్ ఆక్షేపించినాడు. ఆ కవిత కింద ఉన్న తేదీ వంగశకం 1298 ఫాల్గుణం, అంటే 1892 వసంతారంభం. అప్పుడు పద్మ మీద వానలు ఉండవు, వరద ఉండదు, ఇసుకతిన్నెలు తేలి ఉంటవి. ఎదుట లేని శ్రావణమేఘాన్ని కవి జ్ఞాపకంలో నుండి పిలిచినాడు. చూచినది లోపల ఇంకి, వేరొక ఋతువులో, వేరొక అవసరానికి పైకి వచ్చినది. ప్రకృతి ప్రేరణ అంటే కనులయెదుట ఉన్నదానిని చిత్రించడమని తలచేవారికి ఈ తేదీ ఒక్కటే మంచి సమాధానం.

దీనికి ఎదురుగా 1896 నాటి చైతాలిని ఉంచి చూడవచ్చు. అందులోని చిన్న కవితలలో చాలాభాగం పతిసర్‌లో, నాగర్ నది మీద, చైత్రమాసపు ఎండలలో వ్రాసినవి. నది సన్నగిల్లి కదలిక లేక ఉన్నది. పడవలోని కవి చూపు కూడా అట్లే నిలిచిపోయి, రేవులో గిన్నెలు తోమే పిల్ల మీద, ఆమె చిన్న తమ్ముని మీద, పశువుల మీద వాలినది. ఆ దృశ్యాలు పద్నాలుగు పాదాలలో ఒదిగినవి. పద్మ వంటి మహానది ఎదుట పుట్టిన కవితకు, నాగర్ వంటి పిల్లయేటి ఎదుట పుట్టిన కవితకు పరిమాణంలోను, స్వరంలోను తేడా ఉన్నది. తెలుగు పాఠకునికి చలం అనువాదం ద్వారా, శాంతినికేతనంలో చదివి వచ్చిన బెజవాడ గోపాలరెడ్డి అనువాదాల ద్వారా పరిచయమైన రవీంద్రుడు ముఖ్యంగా గీతాంజలి కవి. ఆ గీతాలను ఇంగ్లీషులోనికి మార్చడం కూడా 1912లో, అస్వస్థతతో విశ్రాంతి తీసుకొంటూ ఉన్నప్పుడు, శిలాయిదహలోనే ఆయన మొదలుపెట్టినాడు. మరుసటి సంవత్సరం నోబెల్ బహుమానం వచ్చినది.

ఇంతవరకు చెప్పినది ఒక పక్షం. పడవలో కూర్చొన్నవాడు జమీందారు, ఒడ్డున ఉన్నవారు శిస్తు చెల్లించే రైతులు, ఎక్కువమంది ముస్లిములు. 1793 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు వారి మధ్య నిలబెట్టిన గోడ పడవ కిటికీకంటె దళసరిది. రవీంద్రుడు దీనిని ఎరుగనివాడు కాడు. పతిసర్‌లో 1905లో రైతులకోసం వ్యవసాయ బ్యాంకు స్థాపించి, తరువాత నోబెల్ బహుమాన ధనాన్ని అందులో ఉంచినాడు. నదిని చూచిన చూపు ఒడ్డునున్న మనుష్యుల వద్దకు చేరినదనడానికి ఇది నిదర్శనం. అయినా రేవు వరకు వచ్చిన మనిషి కనిపించినంత స్పష్టంగా, రేవు నుండి గుడిసెలోనికి తిరిగి వెళ్ళిన మనిషి కనిపించడు. రాత్రి వల వేసేవాని చలి, తెల్లవారి బేరంలో అతడు పోగొట్టుకొనే డబ్బు కిటికీ నుండి తెలియవు.

ఆ కొరతను తరువాతి తరంవారు తీర్చినారు. మాణిక్ బంద్యోపాధ్యాయుని పద్మానదీర్ మాఝీ నవల 1936లో వెలువడినది. అందులో పద్మ రాత్రిపూట పులసచేపల వేటతో కనిపిస్తుంది. నది అందం ఉన్నది కాని, కుబేర్ అనే ఆ బెస్తవాని ఆకలి అంతకంటె ముందు కనిపిస్తుంది. 1951లో మరణించిన అద్వైత మల్లబర్మన్ నవల తితాస్ ఏక్‌టి నదీర్ నామ్ 1956లో గ్రంథంగా వచ్చినది. ఆయన తితాస్ ఒడ్డున మాలో అనే జాలరి కులంలో పుట్టినవాడు. నది మధ్య లంక లేస్తుంది, నీరు తగ్గుతుంది, భూమి చేసేవారు ఆ లంకను ఆక్రమిస్తారు, నీటిని నమ్ముకొన్న కులం చెదరిపోతుంది. దీనిని 1973లో ఋత్విక్ ఘటక్ చలనచిత్రంగా తీసినాడు. రవీంద్రుడు పడవ నుండి చూచినాడు, మాణిక్ చేపల పడవలోనికి దిగి చూచినాడు, అద్వైతుడు ఆ నీటిలోనే పుట్టి వ్రాసినాడు. ఈ ముగ్గురిని కలిపి చదివినప్పుడే వంగసాహిత్యంలో నది పూర్తిగా కనిపిస్తుంది.

నదిని గురించిన మాట కొన్ని సమయాలలో దేశాన్ని గురించిన మాట అవుతుంది. శిలాయిదహలో గగన్ హర్‌కరా అనే తపాలా బంట్రోతు ఉండేవాడు. ఉత్తరాలు మోస్తూ బావుల్ పాటలు పాడేవాడు. 1905లో వంగదేశాన్ని రెండుగా చీల్చినప్పుడు రవీంద్రుడు ఆ బంట్రోతు పాట బాణీలో అమార్ సోనార్ బాంగ్లా అనే గీతాన్ని రచించినాడు. ఆకాశం, గాలి, మామిడితోపు, పండిన చేను, నదీతీరపు మర్రినీడ, ఇవే దానిలోని విషయాలు. ఆ విభజన 1911లో రద్దయినది కాని, 1947లో మరొక విభజన వచ్చినది. శిలాయిదహ, షాజాద్‌పూర్, పతిసర్ మూడూ తూర్పు పాకిస్తానులో చేరినవి. 1967లో అక్కడి ప్రభుత్వం రేడియోలో రవీంద్రగీతాలను మాన్పించడానికి పూనుకొన్నప్పుడు రచయితలు, గాయకులు ప్రతిఘటించినారు. 1971లో స్వతంత్రమైన బంగ్లాదేశ్ ఆ చెట్టుచేమల పాటనే జాతీయగీతంగా స్వీకరించినది. యుద్ధవీరుల పేర్లు లేని జాతీయగీతం అది. ప్రకృతివర్ణన రాజకీయాలకు దూరమైన విలాసమని ఎవరైనా అంటే, ఈ చరిత్రను వారికి చూపవచ్చు.

నది చరిత్ర అక్కడితో ఆగలేదు. గంగ మీద ఫరక్కా ఆనకట్ట 1975లో పనిచేయనారంభించినది. హుగ్లీనదికి నీరు మళ్ళించి కలకత్తా రేవును పూడిక నుండి కాపాడడం దాని ఉద్దేశం. దిగువన వేసవిలో పద్మకు వచ్చే నీరు తగ్గినది. కుష్టియా వద్ద పద్మ నుండి చీలే గొరాయి నది 1980ల చివరి వేసవులలో మూలనదితో దాదాపు సంబంధం కోల్పోయినది. నీటి పంపకానికి భారత, బంగ్లాదేశ్ ప్రభుత్వాలు 1996 డిసెంబరులో ముప్పదియేండ్ల ఒడంబడిక చేసుకొన్నవి. శిలాయిదహలోని కుఠీని బంగ్లాదేశ్ ప్రభుత్వం ప్రదర్శనశాలగా కాపాడుతున్నది. నది మాత్రం ఆ ఇంటికి దూరంగా జరిగిపోయినది.

ఇల్లు నిలుపుకోవడం సులభం, నదిని నిలుపుకోవడం కష్టం. కవులు పుట్టిన ఇళ్ళకు మనం రాతిపలకలు అమర్చుతాము, వారి చేతివ్రాతలను అద్దాల బీరువాలలో దాస్తాము. కాని పోస్టుమాస్టరును వెనుకకు పోనీయని ప్రవాహవేగం, ఫటిక్ పలవరించిన లోతు, సుభకు మాట అయిన చప్పుడు, ఇవి ఏ బీరువాలోను ఇమడవు. ఆ నీరు ఆ దారిలో పారుతున్నంత కాలం ఒడ్డునున్న బాలుడు ఆ కథను చదివి, తన ఊరిని అందులో గుర్తుపట్టగలడు. పారనినాడు అదే కథ అతనికి నిఘంటువుతో చదువుకోవలసిన ప్రాచీనకావ్యం అవుతుంది. అష్టాదశ వర్ణనలలో ఒకటిగా నేర్చుకొన్న నదిని ఏ ఆనకట్టా తగ్గించలేదు. కంటితో చూచి వ్రాసిన నది అట్లా కాదు. అది ఎండడం తెలిసిన నది, దారి మార్చడం తెలిసిన నది. అటువంటి నదికి ఋణపడిన సాహిత్యాన్ని ప్రేమించేవారు ఆ నది క్షేమాన్ని కూడా సాహిత్య విషయంగానే భావించవలసి ఉన్నది.